కటకటాల వెనక చిన్ననాటి గాయం

బాల్యంలో తగిలిన దెబ్బ ఒంటి మీద మానిపోయినా మెదడులో చాలాకాలం మిగిలిపోతుంది. జైళ్లలో ఉన్నవారిలో ఇలాంటి గాయాలు బయటివారికంటే ఎన్నో రెట్లు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఈ సంగతి తెలిసి ఖైదీతో మెలిగితే ఏం మారుతుంది? జైలు ముఖం చూడని మన ఇళ్లకు దీనితో పనేంటి?

మా ఆస్పత్రిలో మెడికల్ వార్డుల చివర ఒక గది ఉంది. తలుపు బయట ఎస్కార్ట్ కానిస్టేబుళ్లు ఇద్దరు కుర్చీలేసుకుని కూర్చుంటారు. దాన్ని ఖైదీల వార్డు అంటాం. అక్కడ నేను చూసిన ఒక కుర్రాడి సంగతితో మొదలుపెడతాను. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఇరవై రెండేళ్లుంటాయి. గొలుసు దొంగతనం కేసులో రిమాండ్ ఖైదీ. ఛాతీలో నొప్పి, ఊపిరాడటం లేదంటూ రెండు నెలల్లో మూడుసార్లు తీసుకొచ్చారు. మూడుసార్లూ ఈసీజీ నార్మల్. రక్త పరీక్షల్లో, ఎక్స్‌రేలో ఏమీ లేదు. మూడోసారి వచ్చింది అర్ధరాత్రి దాటాక. రక్తం తీయడానికి ల్యాబ్ టెక్నీషియన్ వెనక నుంచి వచ్చి మణికట్టు పట్టుకోగానే, కుర్రాడు ఒక్క ఉదుటున మంచం మీద నుంచి దూకి గోడ మూలన ముడుచుకున్నాడు. ట్రే కింద పడింది. కానిస్టేబుల్ లాఠీ అందుకున్నాడు. “వీడివన్నీ నాటకాలు సార్. బ్యారక్‌లో ఉండలేక ఇక్కడికొస్తున్నాడు” అన్నాడు. నాకు ముందురోజు పొద్దుట్నుంచీ నిద్ర లేదు. “వేషాలెయ్యకు” అని నేనూ గట్టిగా అరిచాను. కేస్ షీట్‌లో ‘మాలింగరింగ్’ అని రాశాను. లేని జబ్బు నటిస్తున్నాడని దాని అర్థం.

నాలుగోసారి వచ్చినప్పుడు డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ నేను రాసిన ఆ ఒక్క మాట చదివి, గ్యాస్ మాత్రలిచ్చి పంపేశాడు. అతన్ని తప్పుపట్టను, నేనైనా అదే చేసేవాణ్ని. ఆ వారంలోనే కుర్రాడు రేకు ముక్కతో చెయ్యి కోసుకుని వచ్చాడు. పదకొండు కుట్లు పడ్డాయి.

కట్టు మార్చడానికి వచ్చిన హెడ్ నర్సు రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మనిషి. ముందు కానిస్టేబుల్‌ను రెండడుగులు వెనక్కి జరగమంది. కుర్రాడికి ఎదురుగా, తన రెండు చేతులూ అతనికి కనబడేలా నిలబడింది. “నాన్నా, ఇప్పుడు కట్టు మార్చాలి. ముందు నీ ఎడమ చెయ్యి పట్టుకుంటాను. పట్టుకోనా? మంట పుడితే ఆగమను, ఆగుతాను” అంది. అతను తలూపాడు. మధ్యలో ఒకసారి ఆగమన్నాడు. ఆమె నిజంగానే ఆగింది. పది నిమిషాల పని ఇరవై నిమిషాలైంది, అంతే.

మూడో రోజు ఆమెతోనే చెప్పాడు. తండ్రి తాగొచ్చిన రాత్రి వెనక నుంచి వచ్చి మణికట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లి, కొట్టు గదిలో పడేసి బయట గొళ్లెం పెట్టేవాడట. అప్పటికి ఏడేళ్లు. గొళ్లెం పడ్డాక అమ్మను కొట్టే చప్పుడు వినబడేది. ఇప్పుడు రోజూ సాయంత్రం బ్యారక్‌కు తాళం వేసే చప్పుడు వినగానే ఛాతీ బిగుసుకుపోతోంది. అంటే అతని నొప్పి నిజమే. దాని పేరు పానిక్ అటాక్. నేను దాన్ని గుండెలో వెతికాను, దొరక్కపోయేసరికి అబద్ధమన్నాను.

బరువు తగ్గించే క్లినిక్‌లో బయటపడిన సంగతి

మా ఆస్పత్రిలో ‘ట్రామా’ అంటే రోడ్డు ప్రమాదం. ట్రామా కేర్ అని బోర్డున్న గది విరిగిన కాళ్లకు, పగిలిన తలలకు. మనసుకు తగిలే గాయాన్నీ అదే పేరుతో పిలుస్తారని సైకియాట్రీ పోస్టింగ్‌లో విన్నాను కానీ, జనరల్ మెడిసిన్ వాడికి దానితో ఏం పని అనుకున్నాను. ఈ కుర్రాడి తర్వాతే చదవడం మొదలుపెట్టాను. ఈ పరిశోధనకు మూలం ఏ జైల్లోనో ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే అది ఊబకాయానికి చికిత్స చేసే క్లినిక్‌లో మొదలైంది.

అమెరికాలోని శాన్ డియాగోలో కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థలో పనిచేసే డాక్టర్ విన్సెంట్ ఫెలిట్టి 1980లలో ఆ క్లినిక్ నడిపేవారు. చిత్రమేమిటంటే, బాగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసేవారు. ఎందుకో తెలుసుకుందామని ఆయన వాళ్లలో దాదాపు మూడు వందల మందిని కూర్చోబెట్టి మాట్లాడారు. చాలామంది చిన్నప్పుడు లైంగిక వేధింపులు ఎదుర్కొన్నవారని తేలింది. తిండి వాళ్లకు ఓదార్పు. లావుగా ఉంటే ఎవరి కళ్లూ తమ మీద పడవన్న ధైర్యం. డాక్టర్లు జబ్బు అనుకున్నది వాళ్ల లెక్కలో జబ్బుకు మందు.

ఆ తర్వాత ఫెలిట్టి, అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీకి చెందిన డాక్టర్ రాబర్ట్ ఆండా కలిసి 1995-97 మధ్య 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. మొదటి ఫలితాలు 1998లో వెలువడ్డాయి. అడ్వర్స్ చైల్డ్‌హుడ్ ఎక్స్‌పీరియెన్సెస్, అంటే బాల్యంలో ఎదురైన చేదు అనుభవాలు. పొట్టిగా ‘ఏస్’ అంటారు. మొత్తం పది రకాలు. కొట్టడం, అవమానించేలా తిట్టడం, లైంగిక వేధింపు. తిండీ బట్టా పట్టించుకోకపోవడం, దగ్గరికి తీసుకునేవారు లేకపోవడం. ఇంట్లో తల్లిని కొట్టడం, తాగుడు లేదా మత్తుమందులు, మానసిక జబ్బు, తల్లిదండ్రులు విడిపోవడం, ఇంట్లో ఒకరు జైలుకెళ్లడం. ఒక్కో రకానికి ఒక మార్కు.

నాలుగు లేదా అంతకంటే ఎక్కువ మార్కులు వచ్చినవారికి తాగుడు, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు, ఏ అనుభవమూ లేనివారికంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. మార్కులు పెరిగేకొద్దీ గుండెజబ్బు, క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బు, కాలేయ జబ్బు కూడా పెరిగాయి. ఇంకో విషయం. ఆ 17 వేల మంది మురికివాడల్లోంచి వచ్చినవారు కారు. ఎక్కువ మంది కాలేజీ చదువులు చదివినవారు, ఆరోగ్య బీమా ఉన్నవారు. అంటే ఈ పేజీ చదువుతున్న మనలాంటివాళ్లు. వారిలోనూ సగానికి పైగా కనీసం ఒక్కటైనా ఉందన్నారు.

తాడును చూసినా పామే

ప్రమాదం ఎదురైతే గుండె దడ, చెమటలు, బిగుసుకునే కండరాలు మామూలే. మెదడులో అమిగ్డలా అనే బాదం గింజంత భాగం గంట కొడుతుంది, అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. పారిపోవాలా, తిరగబడాలా, కొయ్యబారిపోవాలా అన్నది క్షణంలో తేలిపోతుంది. ప్రమాదం దాటాక గంట ఆగిపోవాలి. ‘అది పాము కాదు, తాడే’ అని సర్దిచెప్పే పని నుదుటి వెనక ఉండే మెదడు భాగానిది. అది పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల దాకా పడుతుంది.

ప్రమాదం ఇంట్లోనే ఉంటే? రోజూ సాయంత్రం అదే తలుపు తీసుకుని వస్తుంటే? అప్పుడు గంట ఆగే సమయమే ఉండదు. ఎదిగే వయసులో మెదడు ఆ మోతకే అలవాటుపడిపోతుంది. అలారం వ్యవస్థ అతి చురుగ్గా, సర్దిచెప్పే వ్యవస్థ బలహీనంగా తయారవుతాయి. పెద్దయ్యాక ఎవరైనా కొంచెం గొంతు పెంచినా, భుజం మీద చెయ్యి వేసినా, తాడు పామైపోతుంది. ఎదుటివారికి మాత్రం కారణం లేకుండా రెచ్చిపోయాడనో, మొండికేసి కూర్చున్నాడనో అనిపిస్తుంది. కొందరు ఆ మోత ఆపుకోవడానికి మందు తాగుతారు, గంజాయి పీలుస్తారు. ఇంకొందరు చెయ్యి కోసుకుంటారు. కోసుకున్న ఆ కాసేపు లోపల నిశ్శబ్దంగా ఉంటుందని నాతో ఒకరికంటే ఎక్కువ మంది చెప్పారు.

ముందడుగు వేసిన 235 మంది

2020లో వచ్చిన ఒక చిన్న డాక్యుమెంటరీ చూశాను. పేరు ‘స్టెప్ ఇన్‌సైడ్ ద సర్కిల్’. కాలిఫోర్నియాలో గట్టి భద్రత ఉన్న ఒక జైలు ఆవరణలో నీలం దుస్తుల్లో 235 మంది ఖైదీలు పెద్ద వలయంగా నిలబడి ఉంటారు. ఫ్రిట్జీ హోర్స్ట్‌మన్ అనే మహిళ మైకులో ఆ చేదు అనుభవాల ప్రశ్నలు ఒక్కొక్కటీ అడుగుతుంటే, అది తనకూ జరిగిందనుకున్నవారు ఒక అడుగు లోపలికి వేస్తారు. ఒంటి నిండా పచ్చబొట్లున్న మగవాళ్లు అడుగు మీద అడుగు వేస్తూ లోపలికి రావడం చూస్తే మాట రాదు.

సినిమా కదిలిస్తుంది కానీ లెక్క చెప్పదు. లెక్క కోసం బ్రిటన్‌లోని వేల్స్‌కు వెళ్లాలి. అక్కడి పార్క్ జైల్లో పబ్లిక్ హెల్త్ వేల్స్, బాంగర్ విశ్వవిద్యాలయం కలిసి 470 మంది మగ ఖైదీలను సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చాయి. కనీసం ఒక చేదు అనుభవం ఉన్నవారు 84 శాతం. వేల్స్‌లో బయట ఉన్న మగవారిలో అది 46 శాతం. నాలుగు లేదా అంతకుమించి ఉన్నవారు జైల్లో 46 శాతం, బయట 12 శాతం. నాలుగు దాటిన ఖైదీలు చిన్న వయసులోనే కుర్ర నేరస్థుల జైలుకు వెళ్లివచ్చే అవకాశం, ఏమీ లేనివారికంటే నాలుగు రెట్లు.

ఇప్పుడు అలాంటి మనిషిని జైల్లో పెట్టాం అనుకుందాం. తాళాల చప్పుడు. గొంతు చించుకుని పిలిచే హాజరు. బట్టలు విప్పించి సోదా. ఎప్పుడు ఎవరు మీద పడతారో తెలియని కిక్కిరిసిన గది. తప్పు చేస్తే ఒంటరి సెల్. చిన్నప్పుడు గంట మోగించినవన్నీ మళ్లీ ఒకేచోట చేరాయి. వాడు రెచ్చిపోతాడు. సిబ్బంది పొగరు అనుకుంటారు. శిక్ష పెంచుతారు. గంట ఇంకా గట్టిగా మోగుతుంది. ఈ చక్రం ఎన్నిసార్లు తిరిగినా ఎవరికీ లాభం లేదు. సిబ్బందికి కూడా లేదు, దెబ్బలు తినేది వాళ్లే కదా.

గాయం ఎరిగి మెలగడం

దీనికి విరుగుడుగా వచ్చిన పద్ధతిని ‘ట్రామా ఇన్ఫార్మ్‌డ్’ విధానం అంటారు. గాయం ఎరిగి మెలగడం అనుకోవచ్చు. అమెరికాలో మానసిక ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ సాంసా 2014లో దీనికి ఒక చట్రం ఇచ్చింది. దాని సారమంతా ఒక ప్రశ్న మార్చుకోవడంలో ఉంది. ‘నీకేం రోగం?’ అని కాకుండా ‘నీకేం జరిగింది?’ అని మనసులో అనుకుని ఎదుటి మనిషి దగ్గరికి వెళ్లడం. అలాగని ప్రతి ఖైదీనీ కూర్చోబెట్టి బాల్యం గురించి తవ్వమని కాదు. అందరికీ ఏదో ఒక గాయం ఉండే ఉంటుందని ముందే అనుకుని, మన పద్ధతులు దాన్ని రేపకుండా చూసుకోవడం.

ఆచరణలో ఇది చాలా చిన్న పనుల్లో ఉంటుంది. సోదా చేసే ముందు ఏం చేయబోతున్నారో చెప్పడం. వెనక నుంచి ముట్టుకోకపోవడం. ములాఖత్ రద్దయితే కారణంతో సహా ముందే చెప్పడం, ఎందుకంటే మాట తప్పడం ఇలాంటివారికి మామూలు నిరాశ కాదు. ఎవరైనా రెచ్చిపోతే అరుపుకు అరుపు జవాబివ్వకుండా దూరం పెంచి, గొంతు తగ్గించడం. ఎంచుకునే వీలు ఎక్కడ ఇవ్వగలిగితే అక్కడ ఇవ్వడం, ‘ఏ చేతికి సూది వెయ్యమంటావు?’ అన్నంత చిన్నదైనా సరే. మా హెడ్ నర్సు చేసింది సరిగ్గా ఇదే. ఆమె సాంసా పేరు విని ఉండదు.

ఇంగ్లండ్‌లో మహిళా జైళ్ల నుంచి ఒక పాఠం ఉంది. 2007లో బారోనెస్ జీన్ కార్‌స్టన్ ఇచ్చిన నివేదిక, జైలుకొచ్చే స్త్రీలలో అంతమంది హింసకు, వేధింపులకు గురైనవారే ఉన్నప్పుడు వాళ్లను ఊరికే బట్టలు విప్పించి సోదా చేయడం ఏం సబబు అని అడిగింది. ఆ తర్వాత అక్కడి మహిళా జైళ్లలో రొటీన్‌గా ఆ సోదా చేయడం మానేశారు. అనుమానం ఉన్నప్పుడు మాత్రమే చేస్తారు. అమెరికన్ నిపుణురాలు స్టెఫనీ కోవింగ్టన్ రూపొందించిన శిక్షణ సిబ్బందికీ, ఖైదీలకూ అక్కడ ఇచ్చారు. కాలిఫోర్నియా మహిళా జైళ్లలో ఆమె కోర్సును శిక్షణ పొందిన తోటి ఖైదీలే నడిపించారు. ఇలాంటి కోర్సులతో డిప్రెషన్, ఆందోళన, పీటీఎస్‌డీ లక్షణాలు తగ్గుతున్నాయని అధ్యయనాలున్నాయి. విడుదలయ్యాక మళ్లీ నేరం చేయడం ఎంత తగ్గుతుందన్న దానికి రుజువులు ఇంకా అంత బలంగా లేవు. గొప్పగా చెప్పుకునేవారు ఈ రెండో ముక్క మింగేస్తుంటారు.

ఇక చికిత్స అవసరమైనవారికి అది విడిగా ఉంది. ట్రామాపై దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఈఎండీఆర్ అనే పద్ధతి, అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు. నిద్రమాత్రలతో మాత్రం జాగ్రత్త. జైలు నుంచి వచ్చేవారు మొదట అడిగేది అవే. ఇవ్వడం మాకూ సులువు. అలవాటుపడితే వదిలించడం కష్టం. ధ్యానం గురించి కూడా ఒక మాట. 1994లో కిరణ్ బేడీ హయాంలో తీహార్ జైల్లో వెయ్యి మంది ఖైదీలతో విపశ్యన శిబిరం జరిగిన సంగతి చాలామందికి తెలుసు. ధ్యానం ఎందరికో మేలు చేస్తుంది. కానీ పాత గాయం లోతుగా ఉన్నవారికి కళ్లు మూసుకోగానే ఆ దృశ్యాలే ఎదురుగా రావచ్చు. అలాంటివారిని కళ్లు తెరిచి కూర్చోనివ్వాలి, లేచి వెళ్తానంటే వెళ్లనివ్వాలి.

మన జైళ్లలో

2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఉండాల్సిన ప్రతి వంద మంది చోట 131 మంది. నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. బెంగళూరు సెంట్రల్ జైల్లో నిమ్‌హాన్స్ వైద్యులు 5,024 మంది ఖైదీలను పరీక్షించి 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దాదాపు 80 శాతం మందికి మానసిక జబ్బో, మత్తు పదార్థాల సమస్యో ఉంది. మత్తు సమస్యను పక్కనపెట్టినా 27.6 శాతం మందికి మానసిక జబ్బు ఉంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు ఆస్పత్రిలోనైనా మానసిక చికిత్స విభాగం ఉండాలంది. తెలంగాణ జైళ్ల శాఖ ‘ఉన్నతి’ పేరుతో సైకాలజిస్టుల సాయంతో ఖైదీల ఆలోచనా తీరు మార్చే కోర్సు నడిపింది. ఇవి మంచి మొదలు. కానీ నా అనుభవంలో ఖైదీ ఎక్కువగా కలిసేది సైకాలజిస్టును కాదు. తాళం వేసే వార్డరును, ఎస్కార్ట్ కానిస్టేబుల్‌ను, నాలాంటి డ్యూటీ డాక్టరును. శిక్షణ మొదలవ్వాల్సింది మాతోనే. ఆ రాత్రి లాఠీ అందుకున్న కానిస్టేబుల్ కూడా అప్పటికి రెండో డ్యూటీలో ఉన్నాడు, మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదు. సిబ్బందిని అలా ఉంచి ఖైదీతో మృదువుగా మాట్లాడమంటే కుదరదు.

కేస్ షీట్‌లో ఒకసారి రాసింది చెరపకూడదు. అందుకని నా పాత మాట కింద తేదీ వేసి, ‘పానిక్ అటాక్స్, పీటీఎస్‌డీ అనుమానం, సైకియాట్రీకి పంపాలి’ అని రాసి సంతకం పెట్టాను. తర్వాత కుర్రాడికి బెయిల్ వచ్చింది. ఆరు నెలలు సైకియాట్రీ ఓపీకి వచ్చి మందులు తీసుకున్నాడు. ఆ తర్వాత రావడం మానేశాడు.

“మరి ఆ గొలుసు పోయినావిడ సంగతి?”

ఈ వ్యాసం గురించి ఇంట్లో చెబితే మా ఆవిడ మొదట అడిగింది ఇదే. న్యాయమైన ప్రశ్న. మెడలో గొలుసు తెంపుకుపోయినప్పుడు ఆ తల్లికి కలిగిన గాయం చిన్నదేమీ కాదు. నెలల తరబడి ఒంటరిగా గుమ్మం దాటలేని ఆడవాళ్లను నేను చూశాను. వారికి కూడా ఇదే వైద్యం అందాలి, నిజానికి ముందు వారికే అందాలి. శిక్ష ఎంతన్నది కోర్టు తేలుస్తుంది. గాయం ఎరిగి మెలిగితే శిక్ష ఒక్క రోజు కూడా తగ్గదు. నేను ఆలోచించేది ఆ తర్వాతి రోజు గురించి. ఆ కుర్రాడు ఏదో ఒక రోజు గేటు దాటి మన వీధిలోకే వస్తాడు. లోపలికెళ్లినప్పటికంటే ఎక్కువ మోతతో రావాలా, తక్కువ మోతతో రావాలా అన్నదే ప్రశ్న.

ఇంకో పొరపాటు కూడా చేయకూడదు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవారంతా నేరస్థులవుతారని ఎక్కడా లేదు. ఎక్కువ మంది కారు. ఏస్ మార్కులు పెద్ద గుంపుల ముప్పును చెబుతాయే తప్ప, ఫలానా మనిషి జాతకం చెప్పవు. ఆ పరిశోధన చేసిన ఆండానే 2020లో, మార్కులు పట్టుకుని ఒక్కో మనిషి భవిష్యత్తు తేల్చొద్దని హెచ్చరిస్తూ రాశారు. కష్టాల మధ్య పెరిగినా నిలదొక్కుకున్న పిల్లల వెనక తరచూ కనిపించేది ఒక్కటే, నమ్మకంగా పక్కన నిలబడిన ఒక పెద్ద మనిషి. అమ్మమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, లెక్కల మాస్టారు కావచ్చు.

మన గడప లోపల

2007లో కేంద్ర ప్రభుత్వం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి ఒక నివేదిక వేసింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నారు. సగానికి పైగా, 53 శాతం మంది, ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నారు. వేధించినవారిలో సగం మంది తెలిసినవారే, నమ్మినవారే. ఈ అంకెలు చదివాక ‘మా ఇళ్లలో అలాంటివి ఉండవు’ అనే మాట నేను అనడం మానేశాను.

అల్లరి చేస్తే బాత్రూంలో పెట్టి గడియ వేయడం, చీకటి గదిలో బూచాడున్నాడని బెదిరించడం, మార్కులు తగ్గితే చుట్టాల ముందు తిట్టడం, ‘నువ్వు పుట్టకపోయినా బాగుండేది’ అనడం మన దగ్గర క్రమశిక్షణ పేరుతో చెల్లిపోతున్నాయి. ఒకసారి కోప్పడితే పిల్లల మెదడు పాడైపోదు, కంగారుపడకండి. ఎడతెగకుండా జరగడం, తప్పించుకునే దారి లేకపోవడం, తర్వాత దగ్గరికి తీసుకునేవారు లేకపోవడం, ఈ మూడూ కలిస్తేనే గాయం లోతుకు దిగుతుంది. చెయ్యి చేసుకున్న తండ్రి గంట తర్వాత పక్కన కూర్చుని ‘తప్పు నాదిరా, నేను కొట్టకుండా ఉండాల్సింది’ అంటే పరువేమీ పోదు. పిల్లాడి మెదడులో గంట ఆగడానికి ఆ మాట చాలా పనిచేస్తుంది.

పిల్లల్లో గమనించాల్సినవి పెద్ద రహస్యమేమీ కావు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, కారణం దొరకని కడుపు నొప్పి, ఒక ఫలానా మనిషి ఇంటికొస్తే దాక్కోవడం, మార్కులు ఒక్కసారిగా పడిపోవడం. వీటితో వస్తే ముందు మా దగ్గర పరీక్షలు చేయించండి, కానీ రిపోర్టులన్నీ నార్మల్ వస్తే ‘నటిస్తున్నాడు’ అనుకోకండి. ఆ తప్పు నేను చేశాను.

ఆ పది రకాల జాబితాలో చివరిదాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి, ఇంట్లో ఒకరు జైలుకెళ్లడం. శిక్ష తండ్రికి పడితే మార్కు బిడ్డకు పడుతుంది. తల్లి జైలుకెళ్తే ఆరేళ్ల లోపు పిల్లలు ఆమెతోపాటే ఉండొచ్చు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, ఆ పిల్లలు ఖైదీలు కారని, తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆట వాళ్ల హక్కని చెప్పింది. జైల్లో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదని కూడా చెప్పింది. బయట మిగిలిన పిల్లలకు ఇలాంటి కాగితం ఏదీ లేదు. మీ పిల్లల తరగతిలో అలాంటి పిల్లాడు ఉంటే ‘వాడితో మాట్లాడకు’ అని చెప్పకండి. బంధువుల పిల్లాడైతే ‘నాన్న దుబాయ్ వెళ్లాడు’ లాంటి అబద్ధం ఎక్కువ రోజులు నిలవదు. నాన్న ఒక తప్పు చేశాడని అంటున్నారు, అది తేలేదాకా అక్కడ ఉంటాడు, అందులో నీ తప్పేమీ లేదు అని వయసుకు తగ్గట్టు చెప్పండి. ములాఖత్‌కు తీసుకెళ్తే అక్కడ గేటు, తాళాలు, పోలీసులు ఉంటారని ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇది చదువుతుంటే మీ చిన్నతనమే గుర్తొచ్చి గుండె బరువెక్కితే, దాన్ని పాత సంగతని కొట్టిపారేయకండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, ఉచితంగా చూస్తారు. ఆస్పత్రిదాకా రాలేనివారు టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏ ఇంట్లోనైనా పిల్లలు హింసకు గురవుతున్నారని అనిపిస్తే 1098కి చెప్పండి. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం ఉన్నా పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిన బాధ్యత డాక్టర్లతో సహా అందరి మీదా ఉంది.